తోడబుట్టిన నెత్తురు

పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకొని గదిలోకి వచ్చిన జములమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తమ్ముడు కురుమయ్య మంచం మీద కూర్చొని, కప్పుకున్న దుప్పటిని అంచుకు అంచు కలిపి మడత పెడుతున్నాడు. యాభై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తన దుప్పటి తాను మడిచిన పాపాన పోలేదు. తల్లి పోయాక వాడిని పెంచింది జములమ్మే కాబట్టి ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు భూమ్మీద లేరు.

"ఏందిరా తమ్మీ, గిదెప్పుడు నేర్చినవ్?"

"ఏమో అక్కా. ఊకెనే మడవబుద్ధయింది."

జములమ్మ చాయ్ అతని చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకొని కూర్చొని, ముఖంలోకి పరీక్షగా చూసింది. "గా నెత్తురు ఎవరిదో గని, మంచి పద్ధతి గల్ల మనిషిదిరా. మన ఇంటి బుద్ధయితే గాదు."

"నవ్వియ్యకక్కా, కుట్లు గుంజుతున్నయ్," అని కురుమయ్య ఛాతీ మీద చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

ఆమె నవ్వించడానికి అనలేదు. హైదరాబాదులో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు అతనికి నెత్తురు ఎక్కించారు. కురుమయ్య కొడుకు శివ, వనపర్తి నుంచి తనతో పనిచేసే కుర్రవాళ్లను తీసుకెళ్లి బ్లడ్ బ్యాంకులో రక్తం ఇప్పించాడు. వాళ్ల రక్తం ఎవరికో పోయింది, ఇంకెవరి రక్తమో వచ్చి కురుమయ్యలో చేరింది. ఎవరిదో చెప్పరట. ఈ చెప్పకపోవడమే జములమ్మకు మింగుడుపడలేదు. సంతలో చింతపండు కొన్నా ఏ ఊరి చెట్టుదని అడిగే మనిషి. తమ్ముడి ఒంట్లో ఎవరు తిరుగుతున్నారో తెలియకుండా ఉండడమంటే ఆమెకు రాత్రి వీధి తలుపు తీసి పడుకున్నట్టే ఉంది.

ఆమె గద్వాల నుంచి వచ్చి నెల కావస్తోంది. తమ్ముడు ఆపరేషన్ అయి బిజినేపల్లి చేరాడని తెలియగానే, మగ్గాలకు నూలు చుట్టే పని కోడలికి అప్పజెప్పి బస్సెక్కింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ ఈ ఇంట్లో ఆ మాట చాలదు. వచ్చిన మరునాడే పొయ్యి ఆమె చేతికి వచ్చింది, ఆ వెనకే పోపుల డబ్బా, ఆ వెనకే తమ్ముడు ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, చూడవచ్చిన వాళ్లతో ఎంతసేపు మాట్లాడాలి అన్న పెత్తనమూ. మరదలు యాదమ్మ నోరు మెదపలేదు. అత్త లేని ఇంటికి కోడలిగా వచ్చింది. పెండ్లయిన నాటి నుంచి అత్త స్థానం ఈ వదినెదే.

అన్నిటికంటే గట్టిది పత్తెం. కోసిన ఒంటికి పప్పు తగిలితే చీము పడుతుందని జములమ్మకు చిన్ననాటి నుంచి తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం చెప్పలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరైనా చెబితే తెలుసుకున్నామా? పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు, మాంసం మాటే ఎత్తవద్దు. మెత్తటి అన్నం, ఎల్లిపాయ కారం, పలచటి చారు, నోరు మరీ చచ్చిపోతే బీరకాయ. తమ్ముడు తిననిది తానూ ముట్టనని ఒట్టు పెట్టుకొని ఆమె కూడా ఆ చారన్నమే తింటోంది. అదీ ఇంట్లో అందరూ తిన్నాక, అడుగున మిగిలింది.

ఆ పూట చూడవచ్చిన పక్కింటి సాయమ్మ, మంచం పక్కన నిలబడి ఒకసారి కురుమయ్యను చూసి, బయటికొచ్చాక చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏంది జములక్కా, మనిషి గిట్ల తెల్లగ పాలిపోయిండు? ఒంట్ల చుక్క నెత్తురు లేనట్టుంది."

రోజూ చూసే కళ్లకు కనబడనిది చూడవచ్చిన కళ్లకు కనబడుతుంది. జములమ్మ గబగబా లోపలికి పోయి చూస్తే నిజమే, పెదవులు తెల్లబడ్డాయి, కళ్ల కింద గుంతలు పడ్డాయి. బనీను మార్చబోతే ఛాతీ గాయం కిందికొసన, గుడ్డకు చిన్న తడి మరక అంటి ఉంది. అమ్మ పోయినప్పుడు కూడా ఇట్లాగే పాలిపోయింది, ఆ ముఖం ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

మరదలితో చెబుదామని వంటింట్లోకి వచ్చేసరికి, యాదమ్మ గోడవైపు తిరిగి గుడ్డు పెంకు ఒలుస్తోంది.

"గుడ్డు ఎవరికి యాదీ?"

యాదమ్మ ఉలిక్కిపడింది కానీ దాచలేదు. "ఆయనకే వదినె. పట్నంల డాక్టర్లు పప్పు, గుడ్డు రోజూ పెట్టుమన్నరు. గాయం మానాలంటే గదే కావాల్నంట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నువ్వొచ్చిన్నాడే చెప్పిన. డాక్టర్లకు కోసుడు తెలుస్తది గని పత్తెం సంగతి తెల్వదన్నవ్."

అన్నది నిజమే. అది గుర్తుకు రావడంతో జములమ్మకు కోపం ఇంకా ఎక్కువైంది. "అయితే దొంగతనంగ పెడుతున్నవా? అందుకే గాయం తడి పట్టింది. పో, పోయి సూడు వాని బనీను."

"ఎక్కడ పెట్టిన వదినె? అక్క వద్దన్నదని ఆయన నోరు తెరిస్తే గద. రోజు ఉడకబెడ్త, రోజు నేనే తింట."

గదిలోంచి కురుమయ్య నీరసంగా అన్నాడు, "అక్క వద్దన్నది నేను తిన యాదీ. ఊకె లొల్లి పెట్టుకోకు."

జములమ్మ గెలిచినట్టే చూసింది. కానీ బనీను మీది మరక కళ్లముందు నుంచి పోలేదు. "నెత్తురు తక్కువై గాయం మానుతలేదు. ఇంకొక ప్యాకెట్టు ఎక్కియ్యమందాం. వానికి బలమొస్తది."

"అట్ల ఊకె ఎక్కియ్యద్దన్నరు వదినె. ఆపరేషన్ల తప్పక ఎక్కించినం, ఇంక అవసరం లేకుంట ఎక్కిస్తే గాయానికి చీము పట్టే భయం పెరుగుతదన్నరు."

"నెత్తురు ఎక్కిస్తే చీము పడతదా? పప్పు తింటే పడదు, నెత్తురు ఎక్కిస్తే పడతది. బాగున్నయ్ నీ ముచ్చట్లు." జములమ్మ గొంతు పెరిగింది. "ఎవరిదో దారిన పోయేటోళ్లది ఎక్కిస్తే పడతదేమో. నాది పెట్టుమను. తోడబుట్టిన నెత్తురు. ఒక్క కడుపుల పుట్టినం, ఒక్క పాలు తాగినం. నా తమ్ముడు ఎండిపోతుంటే నేనెట్ల సూడాలె? నీకేం తెలుస్తది? నువ్వు ఆ నెత్తురు గాదు గద."

యాదమ్మ చేతిలోని గుడ్డును పళ్లెంలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె ఏడుస్తుందనుకుంది జములమ్మ. ఏడవలేదు.

"కాదు వదినె. నేను ఆ నెత్తురు గాను. ఆయనను ఆపరేషన్ గదిలకు తోలుకపోతుంటే బయట ఒక్కదాన్నే కూసున్న. అప్పుడేం మొక్కుకున్ననో నీకెర్కనా? ఈ మనిషి పాణంతో ఇంటికొస్తే సాలు, ఇంకెవరితోని దేనికీ కొట్లాడ అని మొక్కుకున్న. అందుకే నీతోని కొట్లాడలే. నా పొయ్యి నువ్వు తీసుకున్నా అనలే. నెల సంది ఆయన ఎండుతుంటే సూసుకుంట నోరు మూసుకున్న. ఇంక మూసుకుంటే నేను ఆయన పెండ్లాన్ని గాను. లెవ్వు, నాగర్‌కర్నూల్ దవాఖానకు పోదాం. ఆడ డాక్టరమ్మ ఎక్కిస్తనంటే నేనే నీ చెయ్యి పట్టుకొని ఇప్పిస్త. వద్దంటే నువ్వు వినాలె."

ఇన్నేళ్లలో యాదమ్మ అంత పొడుగు మాట మాట్లాడగా జములమ్మ వినలేదు. లేచి చెప్పులు వేసుకుంది.

ఊళ్లో ఆటో నడిపే హన్మంతును పిలిచారు. కురుమయ్యను మధ్యలో కూర్చోబెట్టి, యాదమ్మ అతని చేతికి ఒక దిండు ఇచ్చింది. ఇదెందుకా అని జములమ్మ వింతగా చూసింది. దారిలో గతుకు కనబడినప్పుడల్లా యాదమ్మ "వచ్చింది" అనేది, అతను దిండును ఛాతీకి గట్టిగా హత్తుకునేవాడు, ఆటో ఎగిరి పడేది, అతని ముఖంలో నొప్పి కనబడేది కాదు. హన్మంతు కూడా ఆ మాట విని ముందే మెల్లగా పోనిచ్చాడు. మొగుడూ పెండ్లాల మధ్య ఇట్లాంటి ఏర్పాటు ఒకటి ఉన్నదని నెల రోజుల నుంచి ఆ ఇంట్లోనే ఉన్న జములమ్మకు తెలియదు.

దవాఖానలో డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందర లేని మనిషి. గాయం మీది గుడ్డ తీసి, చుట్టూ వేళ్లతో నొక్కి చూసింది. దగ్గమంది. జ్వరం వస్తోందా, రాత్రిళ్లు చలి పుడుతోందా అని అడిగింది.

"భయం లేదు. తడి పైపైనే ఉంది, లోపలికి పోలేదు. ఛాతి ఎముక గట్టిగనే అతుక్కుంటుంది. కానీ ఇప్పటికి ఈ కొస కూడా మానాలె. ఎందుకు మానలేదు అన్నదే నాకు తెలియాలె."

అప్పటికే జములమ్మ రవిక చెయ్యి పైకి లాగి ముందుకు వచ్చింది. "నెత్తురు తక్కువై మానలేదు డాక్టరమ్మా. నాది తీసుకో. ఎంత కావాల్నో అంత తీసుకో. నేను వాని తోడబుట్టిన అక్కను."

డాక్టరమ్మ ఆ చేతిని చూసింది, ఆ పైన ఆమె ముఖం చూసింది, దగ్గరికి పిలిచి కింది కనురెప్ప లాగి చూసింది. ఏమనుకుందో, ఇద్దరికీ రక్తపరీక్ష రాసింది. అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చొని వేళ్లు చాపారు. ఫలితం వచ్చేదాకా జములమ్మ ముఖంలో నమ్మకం చెదరలేదు.

"పెద్దమ్మా, మీ తమ్మునికి నెత్తురు జర తక్కువే. అయితే ఎక్కించేంత తక్కువ గాదు. నీకే ఆయనకంటే తక్కువుంది."

"నాకా? ఆపరేషన్ వానికి గద అయింది. మీ మిషిను జర సూసుకోండ్రి."

"మిషిను మంచిగనే ఉంది. నువ్వు ఇచ్చుడు గాదు, నీకే మందులు రాయాలె."

కురుమయ్య తల తిప్పి అక్క వైపు చూశాడు. ఆమె చూపు తప్పించి గోడకున్న క్యాలెండరు చూసింది. కానీ ఆమె మనసులో ఒక ప్రశ్న ఉన్నదంటే అది అడగకుండా కడుపులో నిలవదు.

"సరే, నాది తక్కువనే అనుకో. తెల్వక అడుగుత. ఎవరిదో పరాయి నెత్తురు మంచిగ పట్టింది గద వానికి? మరి తోడబుట్టినదాని నెత్తురు అంతకన్న మంచిగ పట్టాలె గద?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ ప్రశ్న ఆమెకు నచ్చినట్టుంది. "అందరూ గట్లనే అనుకుంటరు పెద్దమ్మా. పరాయి నెత్తురు లోపలికొస్తే, అందులో ఉండే కొన్ని కణాలను మన ఒళ్లు గుర్తుపడతది. ఇది బయటిది అని కాపలా కాస్తది, వాటి పని పడతది. తోడబుట్టినోళ్లదైతే ఒక్కోసారి గుర్తుపట్టదు. మనదే గద అని ఊకుంటది. అడ్డు చెప్పేటోళ్లు లేకపోతే ఆ కణాలు అక్కడనే పాతుకొని, వచ్చిన ఇంటి మీదనే తిరగబడతయ్. అరుదుగ అయితది. అయితే మాత్రం బతికించుడు మా చేతుల ఉండదు. అందుకే అక్కదమ్ములది, తల్లిబిడ్డలది వీలైనంత వరకు తీసుకోం. తీసుకున్నా దాన్ని వేరే తీరుగ సాపు చెయ్యాల్సి ఉంటది."

జములమ్మ పైకి లాగిన రవిక చెయ్యిని మెల్లగా కిందికి దించుకుంది.

"ఇంక మామూలు నెత్తురు సంగతి. గుండె ఆపరేషన్ల పాణం మీదికొస్తే ఎక్కిస్తం. ఎక్కించకుంటే ఆయన ఈడ కూసునేటోడే గాదు. కానీ అవసరం లేకుంట ఎక్కించిన కొద్దీ ఒంటి కాపలా మందగించినట్టయితది, గాయానికి, ఊపిరితిత్తులకు జబ్బు పట్టే ప్రమాదం పెరుగుతదని డాక్టర్లు చూసిన్రు. మనిషి తెల్లబడ్డడని ఎక్కియ్యం. ఆయన నెత్తురు ఆయన ఒంట్లనే పుట్టాలె." డాక్టరమ్మ కాగితం మీద రాయడం ఆపి తలెత్తింది. "ఏం తింటుండు?"

జములమ్మకు నెత్తురంతా ముఖంలోకి వచ్చినట్టయింది. ఇప్పుడు మరదలు చెబుతుంది. చెప్పే హక్కు ఉంది, చెప్పించుకునే తప్పూ ఉంది. పొద్దున తాను అన్న మాటకు బదులు తీర్చుకోవడానికి ఇంత మంచి అదను మళ్లీ దొరకదు.

"తెల్వక మేమే పత్తెం పెట్టినం డాక్టరమ్మా," అంది యాదమ్మ. "చారన్నం పెట్టినం. పప్పు తింటే చీము పడతదని భయపడ్డం."

మేము అంది. ఆ ఒక్క మాట వినగానే జములమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తానైతే అట్లా అనేది కాదు, ఆ సంగతి తనకే తెలుసు.

"మేము గాదు. నేను," అంది జములమ్మ. "అది ఈ పత్తెం వద్దనే అన్నది. నేనే పెట్టనియ్యలే. నేనూ గదే తిన్న వానితోని."

డాక్టరమ్మ తిడుతుందనుకుంది. ఆమె తిట్టలేదు. గోడ కట్టే మేస్త్రీకి ఇటుకలు ఇయ్యకుండా గోడ లేవలేదంటే ఎట్లా అని మాత్రం అడిగింది. పప్పు, గుడ్డు, ఆకుకూర, చేపలు పెట్టమంది. ఉప్పు మాత్రం తగ్గించమంది. గాయం కడిగి, కట్టు కట్టి, మాత్రలు రాసి, జ్వరం వచ్చినా తడి ఎక్కువైనా ఆ రోజే రమ్మంది. అక్కకు వేరే మాత్రలు రాసింది.

తిరుగు దారిలో ఆటోలో జములమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె నోరు మూతపడితే ఎట్లా ఉంటుందో హన్మంతుకు కూడా తెలియదు కాబట్టి అద్దంలోంచి రెండు మూడు సార్లు వెనక్కి చూశాడు. డాక్టరమ్మ చెప్పింది ఆమె తలలో తిరుగుతూనే ఉంది. మనదే గద అని ఊకుంటది. అడ్డు చెప్పేటోళ్లు ఉండరు. వచ్చిన ఇంటి మీదనే తిరగబడతయ్.

ఇల్లు చేరగానే ఆమె తన సంచి తీసి చీరలు కుక్కడం మొదలుపెట్టింది. యాదమ్మ మొగుడిని పడుకోబెట్టి వచ్చి చూసింది.

"ఎటు వదినె?"

"గద్వాలకు. ఆఖరి బస్సు దొరుకుతది."

"నేను పొద్దుగాల అన్నదానికా?"

"నువ్వన్నదాంట్ల తప్పేముంది?" జములమ్మ మడిచిన చీరనే మళ్లీ మడిచింది. "గా డాక్టరమ్మ నెత్తురు గురించి చెప్పలేదు యాదీ, నా గురించే చెప్పింది. పరాయిదాన్నయితే నన్ను కాపలా కాసేటోళ్లు. వచ్చిన్నాడే గిదేందని అడిగేటోళ్లు. సొంతదాన్నని ఎవరూ అడ్డం రాలే. పొయ్యి పట్టుకున్న, పోపులడబ్బా పట్టుకున్న, నా తమ్మునికి నేనే తిండి పెట్టకుంట సంపుకోబోయిన. నేనుంటే మీ ఇంటికి మంచిది గాదు."

ఊళ్లో ఎవరి ముందూ ఏడవని మనిషి, మరదలి ముందు మంచం అంచున కూర్చొని కొంగులో ముఖం దాచుకొని ఏడ్చింది.

యాదమ్మ పక్కన కూర్చుంది. "పోదువు గని వదినె. ముందు ఒక పని చేసి పో. నేను పప్పు వండిన. ఆయన తింటలేడు. డాక్టరమ్మ చెప్పింది విన్నడు, తలూపిండు, పళ్లెం ముందర పెడితే అక్క తినుమన్లేదు అంటుండు. నా మాటకు తినడు. డాక్టర్ల మాటకు తినడు. నీ మాట ఒక్కటే ఆయనకు ఎక్కుతది. అది నేను ఇయ్యలేను."

జములమ్మ కళ్లు తుడుచుకొని లేచింది. గదిలో కురుమయ్య పళ్లెం ముందు బుద్ధిమంతుడిలా కూర్చొని ఉన్నాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి అక్క పెట్టేదాకా ఇట్లాగే కూర్చునేవాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. తప్పు అయిందని తమ్ముడితో చెప్పడం ఆమె బతుకులో లేదు. పెద్దది చెప్పిందే మాట, అది నిలబడాలి అనే నమ్మకంతోనే తల్లి లేని పిల్లవాడిని ఒక దారికి తెచ్చింది. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

"తమ్మీ, నేను తప్పు చెప్పినరా. పప్పుకు చీము పట్టదు. మనోళ్లు అన్నది విని నేనన్న. తిను."

కురుమయ్య అక్కనే చూశాడు. "నీకు నాకన్న తక్కువుందన్నది అక్కా డాక్టరమ్మ. నాతోని నువ్వెందుకు ఎండినవ్?"

"నువ్వు తినంది నేనెట్ల తింటరా?"

"మరి నువ్వు తినంది నేనెట్ల తింట?"

అప్పటికే యాదమ్మ రెండో పళ్లెం తెచ్చి జములమ్మ ముందు పెట్టింది. అన్నం, పైన మెత్తటి పాలకూర పప్పు, పక్కన గుడ్డు. జములమ్మ అలవాటుగా, "మీరు తినుండ్రి, నేను ఎనుక తింట," అనబోయింది. యాదమ్మ పళ్లెం ముందు నుంచి కదల్లేదు.

"సంచి ఇప్పేసిన వదినె," అంది యాదమ్మ. "చీరలు దండెం మీద ఏసిన. గాయం మానినంక పోదువు. పొయ్యి మాత్రం నాకియ్యి."

"ఇచ్చిన పో," అంది జములమ్మ. ముక్కు చీదుకొని ముద్ద కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పాత నోరు ఊరుకోలేదు. "ఉప్పేది యాదీ?" అంది. వెంటనే గుర్తొచ్చి తమ్ముడి వైపు చూసి ఆగింది. కురుమయ్య ఒక చేత్తో ఛాతీ పట్టుకొని నవ్వు ఆపుకుంటూ, ఇంకో చేత్తో పప్పన్నం తింటున్నాడు. జములమ్మ కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే పళ్లెం ఖాళీ చేసి, మరదలి వైపు చాపింది.

"ఇంగింత పెట్టు," అంది.